ఎస్తేరమ్మగారు చదవనన్న కబురు

మొన్న పొద్దున డ్యూటీకి బయల్దేరి బస్టాండులో నిలబడ్డాను. ముసురు పట్టి ఉంది. పక్కన బొగ్గుల మీద మొక్కజొన్న పొత్తులు కాలుతున్న వాసన, దానికి తోడు తడిసిన గొడుగుల వాసన. బస్సుల వేళలు చూపించడానికి పెట్టిన బోర్డు మీద ఊళ్ళ పేర్లుండాల్సిన చోట ఎర్రటి ప్రశ్నార్థకాలు వరసకట్టి పరిగెడుతున్నాయి. "ఎక్కడికెల్తాదో బస్సుకే తెలీదు కాబోలు," అన్నాడొకాయన. అందరూ నవ్వారు. తెలుగు అక్షరం ఉండాల్సిన చోట ఆ వంకర గుర్తు కనిపిస్తే చాలు, ఇన్నేళ్ళయినా నాకు ఎస్తేరమ్మగారు గుర్తొస్తారు. ఆవిడ బల్ల ముందు నిలబడిన ఒక తల్లి గుర్తొస్తుంది. ఇక ఆ రోజంతా నా మనసు నా చేతిలో ఉండదు.

ఎస్తేరమ్మగారు విజయనగరం వైపు మనిషి. మిషన్ బడిలో టీచరుగా మా అరకు కొండలెక్కి వచ్చి, రిటైరయ్యాక కూడా దిగిపోలేదు. చర్చి వెనక గదిలో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, బడివాళ్ళు పారేస్తుంటే అడిగి తెచ్చుకున్న నల్లబల్ల, అదీ ఆవిడ ఆఫీసు. నేను ఇంటర్ తప్పి ఇంట్లో ముఖం వేలాడేసుకుని కూర్చుంటే మా నాన్న తీసుకెళ్ళి అప్పజెప్పాడు. "సదవడం వచ్చేటే గుంటా?" అని అడిగారు. వచ్చన్నాను. కంప్యూటరు మీద ఏదో చూపించి చదవమన్నారు. ఒక కుర్రాడు వాళ్ళ అమ్మకి రాసిన నాలుగు మాటలు. నేను గబగబా చూసేసి, "బాగానే ఉన్నాడటండీ, పండక్కి రాలేడట," అన్నాను. ఆవిడ చేతిలో ఉన్న స్కేలుతో బల్ల మీద ఒక్కటిచ్చారు. "నీ అభిప్రాయం ఎవడు అడిగాడే? అందులో ఉన్నది ఉన్నట్టు సదువు. మింగీకు." అలా మొదలైంది నా ఉద్యోగం. కోపం వచ్చినప్పుడల్లా ఆవిడ నోట టీచరు భాష పోయి పుట్టింటి భాష వచ్చేసేది. రోజుకి పదిసార్లు వచ్చేది.

ఆ నాలుగు మాటలు ఎక్కడివో చెప్పాలి. మా కొండల మీది పిల్లలు అప్పటికే దూరాలు పోతున్నారు. తమిళనాడులో నూలు మిల్లులకి ఆడపిల్లలు, ఇటుక బట్టీలకి, రొయ్యల షెడ్లకి మగపిల్లలు. పై ఊళ్ళలో ఫోనుకి సిగ్నల్ లేదు. మిల్లు హాస్టళ్ళలో ఆడపిల్లల దగ్గర ఫోన్లు ఉంచనిచ్చేవారు కాదు. అందుకని ఎస్తేరమ్మగారు ఒక బ్లాగు పెట్టారు. దాని పేరు 'సంత కబుర్లు'. ప్రతి శుక్రవారం సంత అయ్యాక, ఏ ఊళ్ళో ఎవరు కన్నారు, ఎవరి ఆవు తప్పిపోయి దొరికింది, ఏ వాగు పొంగింది, అన్నీ అందులో రాసేవారు. మిల్లు దగ్గరి చర్చిలో ఒక కంప్యూటరు ఉండేది. ఆదివారం ప్రార్థనకి బయటికి వదిలినప్పుడు ఆడపిల్లలు అక్కడ కూర్చుని అది చదువుకుని, కింద తమ ఇంటివాళ్ళకి జవాబు రాసేవారు. మగపిల్లలు తమ ఫోన్ల నుంచే రాసేవారు. పేరు ఇంగ్లీషులో కొట్టి, మాట తెలుగులో. వచ్చే శుక్రవారం సంతలో, సత్యంగారి కిరాణా కొట్టు పంచన బల్ల వేసుకుని, ఎస్తేరమ్మగారు ఆ జవాబులు చదివి వినిపించేవారు. ఆకుకూరల బుట్టలు, కోళ్ళ గంపలు దించుకుని, తల్లులూ తండ్రులూ బల్ల చుట్టూ కూర్చునేవారు. సత్యంగారు ఎస్.కోట నుంచి వచ్చి స్థిరపడిన వ్యాపారి. పంచ ఇచ్చింది పుణ్యానికా, బేరానికా అంటే, రెండింటికీనని ఆయనే నవ్వుతూ చెప్పేవారు.

ఒకరోజు టీ తాగుతూ మా తాత సంగతి చెప్పాను. మా తాత మా ఊరి బారికి. బారికి అంటే ఊరి కబురు మోసేవాడు. చావు, పెళ్ళి, పంచాయితీ, ఏదైనా సరే ఈ కొండ మీంచి ఆ కొండ మీదికి నడిచి వెళ్ళి చెప్పాలి. దానికో పద్ధతి ఉంది. కబురు పంపినవాళ్ళ మాట వాళ్ళ మాటలాగే చెప్పాలి. 'మీ అన్న రమ్మన్నాడు' అనకూడదు. చేతులు కట్టుకుని నిలబడి, 'తమ్ముడా, నేను నీ అన్నని, రా' అనాలి. విన్నవాళ్ళు కూడా బారికి ముఖం చూసి ఆ అన్నకే జవాబు చెబుతారు. దారిలో మాట మర్చిపోతే తనకి తోచింది కలిపి చెప్పకూడదు. ఎంత దూరమైనా వెనక్కి నడిచి వెళ్ళి, 'మర్చిపోయాను, మళ్ళీ చెప్పు' అని అడిగి రావాల్సిందే. మా తాత ఒకసారి వానలో అలా తిరిగి వెళ్ళాడని మా నాయనమ్మ ఎప్పుడూ ఎగతాళి చేసేది. నేనూ నవ్వుతూనే చెప్పాను. ఎస్తేరమ్మగారు నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, "మరి ఇన్నాళ్ళూ ఈ మాట నాతో సెప్పలేదేటే?" అన్నారు. ఆ శుక్రవారం నుంచి ఆవిడ చదివే పద్ధతి మారిపోయింది. కుర్చీలోంచి లేచి నిలబడి, "అమ్మా, నేను నీ కొడుకుని" అని మొదలుపెట్టడం అప్పట్నుంచే.

ఇక ఆ శనివారం. బ్లాగు తెరిచినప్పుడల్లా పైన ఒక పసుపు పట్టీ కనబడేది, కొత్త వెర్షన్ వచ్చింది మార్చుకోండి అని. చాలా రోజులు ఓర్చుకున్నారు. ఆ రోజు, "ఈ పసుపు పట్టీ నా ప్రాణం తీసేత్తన్నాది," అని విసుక్కుని మౌసు నొక్కేశారు. మా ఊరి నెట్ సంగతి తెలిసిందే కదా, అది అయ్యేలోపు ఒక కీర్తన పల్లవి, రెండు చరణాలు పాడుకున్నారు. 'పూర్తయింది' అని వచ్చింది. "సూసినావా, దానికెంత సేపు," అంటూ సైటు తెరిచారు.

తెరిస్తే తెలుగు లేదు. ఒక్క అక్షరం లేదు. పేజీ నిండా నెత్తి మీద గీతలు, చుక్కలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు కిక్కిరిసి ఉన్నాయి. కిందికి జరిపితే అదే, పాత నెలల్లోకి వెళ్ళినా అదే. ఇన్నేళ్ళ సంత కబుర్లు, వాటి కింద పిల్లలు రాసిన మాటలు, మొత్తం పిచ్చి రాతలైపోయాయి. నేను ఏడుపు ముఖం పెట్టేసరికి ఎస్తేరమ్మగారికి ఎక్కడలేని కోపం వచ్చేసింది. "నువ్వెందుకే ఏడ్వడం? నొక్కింది నువ్వా నేనా?" అని లేచి, నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాశారు: 'నొక్కింది ఎస్తేరు. ముందు నకలు తియ్యలేదు.' అది అక్కడే ఉంచారు. గదిలోకి వచ్చిన పాస్టరుగారు దాన్ని చదివి వెనక్కి వెళ్ళిపోయారు.

సైటు నడవడానికి మేము చోటు తీసుకున్న విశాఖ కంపెనీకి ఫోన్ చేస్తే ఒక అబ్బాయి తీరిగ్గా విని, "మొత్తం తీసేసి కొత్తగా పెట్టుకోండి మేడం, అదే ఈజీ," అన్నాడు. "ఇల్లు కారితే ఇల్లు పీకేత్తావేటి నాయనా?" అని ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత ఆవిడ పని చేసిన తీరు చూసే నేను పని అంటే ఏమిటో నేర్చుకున్నాను. నాకైతే కనబడిన ప్రతిదీ నొక్కెయ్యాలని చేతులు దురద పెట్టేవి. ఆవిడ నా చేతి మీద స్కేలు ఆనించి ఉంచేవారు. "ఒకటే మార్చు. సూడు. తేడా రాకపోతే దాన్ని ఎక్కడిది అక్కడ పెట్టు. అప్పుడు ఇంకోటి." పేజీ అందం కోసం పెట్టుకున్న హంగులన్నీ ఒక్కొక్కటే తీశాం, చూశాం, పెట్టాం. రంగులు మార్చాం. వేరే కంప్యూటరులో తెరిచి చూశాం. ఆవిడ కళ్ళజోడు సర్దుకుంటూ, ఇంగ్లీషులో ఎవరెవరో ఎక్కడెక్కడి నుంచో రాసుకున్న మొరలన్నీ చదివేవారు. నాకు కునుకు వస్తే, "బేగి లే, ఇది సూడు," అని లేపేవారు. మూడు పూటలూ అదే పని. చర్చిలో ఆడవాళ్ళు వంట చేసి పంపించేవారు.

ఆ మధ్యలో శుక్రవారం వచ్చేసింది. సంతకి వెళ్ళొద్దు, ఒంట్లో బాగోలేదని చెబుదాం అన్నాను. ఆవిడ నావైపు ఒక్క చూపు చూసి బయల్దేరారు. బల్ల వేసుకుని, లేచి నిలబడి, అందరికీ వినబడేలా చెప్పారు: "నేను ఒక మీట నొక్కాను. నొక్కకూడనిది నొక్కాను. మీ పిల్లల మాటలు నాకు చదవడానికి రావడం లేదు. బాగుచేస్తున్నాను. తప్పు నాదే." కొందరు అయ్యో అన్నారు, కొందరు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. బుద్రి మాత్రం కదల్లేదు.

బుద్రి పై ఊరి మనిషి. మొగుడు లేడు, ఉన్నది ఒక్కతే కూతురు, జ్యోతి. మిల్లులో పని. ప్రతి వారం ఠంచనుగా రెండు ముక్కలు రాసే పిల్ల కొన్ని వారాలుగా ఏమీ రాయలేదు. ఆ రోజు పిల్లల్ని మిల్లుకి తోలుకెళ్ళే మేస్త్రీ కూడా సంతకి వచ్చి ఉన్నాడు. జ్యోతిని ఇంకో ఏడాది ఉంచాలంటే తల్లి ఊఁ అనాలి. "పిల్ల హాయిగా ఉంది, ఉంటానని తనే చెప్పింది, నువ్వు ఊఁ అంటే చాలు," అని వెంట తిరుగుతున్నాడు. బుద్రి మాత్రం, "దాని మాట అమ్మగారి నోట వింటాను. అప్పుడు సెప్తాను," అంటోంది. ఆవిడ మమ్మల్ని అడిగింది అదే. "మా జ్యోతి రాసిందా?"

రాసింది. పొద్దునే చూశాం. అందరి మాటలూ పిచ్చి రాతలైతే, ఈ వారం కొత్తగా వచ్చినవి మాత్రం వేరేగా ఉన్నాయి. పేర్లు ఇంగ్లీషులో కాబట్టి శుభ్రంగా కనబడుతున్నాయి, వాటి కింద మాట ఉండాల్సిన చోట ఉత్త ప్రశ్నార్థకాలు. జ్యోతి పేరు కింద అవి వరసల మీద వరసలు. రెండు ముక్కలు రాసే పిల్ల పేజీ నింపింది.

సత్యంగారు తూకం ఆపి, ఎస్తేరమ్మగారి చెవి దగ్గరికి వంగారు. ఆయనది మంచి మనసే. "బాగున్నానని రాసిందని సెప్పీయండమ్మా. ఆయమ్మకి నిద్దర పడతాది. మీకూ మాట దక్కుతాది." నాకూ ఆ క్షణాన అదే దారి అనిపించింది. ఎస్తేరమ్మగారు బుద్రి వైపు తిరిగి, "రాసింది బుద్రీ. చాలా రాసింది. కానీ నేను చదవను. అందులో ఏముందో నాకు తెలీదు, తెలీనిది నీకు చెప్పను. వచ్చే సంతకి తెస్తాను. అప్పటిదాకా ఆ మనిషికి ఊఁ అనకు," అన్నారు. బుద్రికి కోపం వచ్చింది. "ఏటి సదువులమ్మా మీవి! నా పిల్ల మాట మీ డబ్బాలో ఏసుకుని నాకే ఇవ్వనంటారా?" అని గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. మేస్త్రీ నవ్వాడు. ఎస్తేరమ్మగారు గది తాళం తీస్తూ, "ఆవిడ అన్నది నిజమే కదే," అన్నారు.

దారి మర్నాడు దొరికింది. ఏదో దేశంలో, మనలాగే ఇంగ్లీషు కాని అక్షరాలతో రాసుకునే ఒకాయన సైటుకి ఇదే జబ్బు చేసిందట. కొత్త వెర్షన్ వచ్చేటప్పుడు సెట్టింగుల ఫైలులో ఒక వరస చేరింది. మాటలు దాచిన అరలోంచి తీసేటప్పుడు ఏ లిపిగా చదవాలో చెప్పే వరస అది. మా అర పాతది, దానికి ఆ పద్ధతి అలవాటు లేదు. "ఇంకొకరి కళ్ళజోడు పెట్టుకుని సదువుతున్నామే ఇన్నాళ్ళూ!" అన్నారావిడ. ఈసారి ముందు మొత్తానికి నకలు తీయించారు. ఆ వరస తీసెయ్యమని నాకే చెప్పారు. తీశాను. పేజీ మళ్ళీ తెరిచాను.

'సంత కబుర్లు' అని తెలుగులో వచ్చింది. దాని కింద అన్నీ వచ్చాయి. ఆవు దొరికిన కబురు, వాగు పొంగిన కబురు, పిల్లల మాటలు, అన్నీ ఎక్కడివి అక్కడే. ఎస్తేరమ్మగారు నా తల పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టేశారు. ఆ ముసలావిడ కన్నీళ్ళు నా ముఖానికి అంటుకున్నాయి. ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వాం. ఆ తర్వాత నేను జ్యోతి పేరు దగ్గరికి జరిపాను.

ప్రశ్నార్థకాలు అలాగే ఉన్నాయి.

అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. పాత మాటలు అరలో క్షేమంగానే ఉన్నాయి, చదవడమే తప్పింది. ఆ పాడు రోజుల్లో వచ్చిన కొత్త మాటలు మాత్రం అరలోకి పోతూనే ప్రశ్నార్థకాలుగా మారిపోయాయి. వాటి వెనక ఇంకేమీ లేదు. ఏ వరస తీసినా, ఏది మార్చినా అవి తిరిగి రావు. నేను ఆవిడ ముఖం చూశాను. ఆవిడకి అప్పటికే తెలిసిపోయింది. ఆ ఆదివారం మిల్లు దగ్గరి చర్చికి ఫోన్ చేశారు. అక్కడి సిస్టరుగారు, "పోయిన ఆదివారం ఆ అమ్మాయి ఏడుస్తూ టైపు చేసింది, నేను చదవలేదు. ఈ వారం పిల్లలెవరినీ బయటికి వదల్లేదు," అని చెప్పారు. పోయిన మిగతా మాటల్ని బట్టీలకీ షెడ్లకీ ఫోన్లు చేసి, బతిమాలి, మళ్ళీ అడిగి రాసుకున్నాం. జ్యోతిది అలా కుదరలేదు.

ఎస్తేరమ్మగారు సంచి సర్దుకోవడం మొదలుపెట్టారు. పాస్టరుగారు వచ్చి, మోకాళ్ళ నొప్పులతో అంత దూరం ఏమిటమ్మా, అక్కడివాళ్ళు చూసుకుంటారు అన్నారు. "కబురు పోగొట్టిన బారికి వెనక్కి ఎల్లాలండి. ఈ గుంట తాత ఎల్లాడు, నాకేటి?" అన్నారావిడ. మా తాతని ఒక పెద్దమనిషిలా అలా ఉదహరించడం నేను వినడం నా బతుకులో అదే మొదటిసారి. నేనూ బయల్దేరాను. కిరండోల్ పాసింజరులో విశాఖ దిగి, అక్కణ్ణుంచి జనరల్ బోగీలో. ఆవిడ మోకాళ్ళు పట్టేస్తే నేను నొక్కుతూ, నేను నిద్రపోతే ఆవిడ నా తల తన ఒళ్ళో పెట్టుకుంటూ వెళ్ళాం.

మిల్లు గేటు దగ్గర ఒక సూపర్‌వైజరు వచ్చాడు. తెలుగు వచ్చినవాడే. ఎవరు మీరు, ఏం పని అన్నాడు. "ఒక కబురు పోగొట్టాను బాబూ. రాసిన పిల్లని అడిగి పట్టుకెళ్ళాలి," అన్నారు. నవ్వాడు. తర్వాత రమ్మన్నాడు. ఆవిడ గేటు ఎదురుగా ఎండలో బెంచీ మీద కూర్చున్నారు. లేవలేదు. వచ్చేపోయే ప్రతి లారీ డ్రైవరుకీ, ప్రతి గుమాస్తాకీ నమస్కారం పెట్టి అదే మాట చెప్పారు. పొద్దువాలేసరికి మిల్లు మొత్తానికి తెలిసిపోయింది, ఎవరో ముసలి టీచరమ్మ పోయిన కబురు కోసం వచ్చి కూర్చుందని. సూపర్‌వైజరుకి చిరాకెత్తి, ఐదు నిమిషాలంటూ జ్యోతిని పిలిపించాడు.

ఆ పిల్ల జుట్టు నిండా దూది. మమ్మల్ని చూడగానే ముఖం పాలిపోయింది. "ఎవరు పోయారండీ?" అంది. మా దగ్గర అంత దూరం మనిషి వచ్చాడంటే అదే కబురు మరి. "ఎవరూ పోలేదు తల్లీ. నీ కబురే పోయింది. నా వల్ల పోయింది. ఏం రాశావో మళ్ళీ చెప్పు," అన్నారు ఎస్తేరమ్మగారు. జ్యోతి సూపర్‌వైజరు వైపు చూసింది. నా వైపు చూసింది. మా ఇంటి భాషలో, మేము పుట్టి పెరిగిన ఆదివాసీ ఒరియాలో మొదలుపెట్టింది. అతనికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎస్తేరమ్మగారికి సగమే అర్థమైంది. నా మోచెయ్యి పట్టుకుని, "నువ్వు మొయ్యి," అన్నారు. జ్యోతి చెప్పింది, నేను తిరిగి చెప్పాను. తప్పు పోతే దిద్దింది. మధ్యలో దగ్గు వచ్చి ఆగింది. మొత్తం అప్పజెప్పాక కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

శుక్రవారం నాటికి సంతకి అందుకున్నాం. రైలు మసి కూడా కడుక్కోలేదు. బుద్రి వచ్చి దూరంగా కూర్చుంది. మేస్త్రీ సత్యంగారి కొట్టు మెట్ల మీద ఉన్నాడు. ఎస్తేరమ్మగారు బల్ల దగ్గర నిలబడలేదు, నన్ను నిలబెట్టారు. మా తాతలాగా చేతులు కట్టుకున్నాను. మా భాషలోనే చెప్పాను.

"అమ్మా, నేను జ్యోతిని. మేస్త్రీ వస్తే ఊఁ అనకు. ఉంటానని నేను చెప్పలేదు. దూది నా గుండెల్లోకి పోయింది, మెట్లెక్కితే ఊపిరి ఆడటం లేదు. చెప్తే ఇంకెక్కడికో మారుస్తారని భయపడి ఇన్నాళ్ళూ రాయలేదు. నన్ను తిట్టకు. నువ్వే వచ్చి తీసుకుపో, నువ్వు రాకపోతే వదలరు. చోళ్ళ పంట కోతకి నేను ఇంట్లో ఉండాలి. నల్ల మేకపిల్లని అమ్మకు."

బుద్రి లేచి వచ్చి నా గడ్డం పట్టుకుంది. నా కళ్ళలోకే చూస్తూ, తన కూతురికి జవాబు చెప్పింది. "తిట్టను. అమ్మను. నేను వస్తన్నాను, నువ్వు దగ్గు ఆపుకో," అంది. అప్పుడు మెట్ల మీది మనిషి వైపు తిరిగింది. ఆయన అక్కడ లేడు. సత్యంగారు కొట్టు మూసేసి, బుద్రితో పాటు తన తమ్ముణ్ణి పంపించారు. చర్చి నుంచి ఇద్దరు వెళ్ళారు. జ్యోతిని తీసుకొచ్చారు. చాలా రోజులు మందులు మింగింది, కోలుకుంది. ఇప్పుడు పై ఊళ్ళో అంగన్‌వాడీ చూస్తోంది. ఆ శుక్రవారం 'బాగున్నానని రాసింది' అని మేము చెప్పి ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించను.

ఎస్తేరమ్మగారు సైటులో ఆ ప్రశ్నార్థకాలు చెరపలేదు. వాటి కింద, 'ఇవి నా పొరపాటు వల్ల పోయాయి, అడిగి మళ్ళీ రాశాను' అని పెట్టారు. తర్వాత పై ఊళ్ళకీ టవర్లు వచ్చాయి, పిల్లలే నేరుగా ఇంటికి మాట్లాడుకోవడం మొదలైంది, సంతలో బల్ల అవసరం తీరిపోయింది. ఆవిడ దానికి బాధపడలేదు. నన్ను కూర్చోబెట్టి ఇంటర్ పాస్ చేయించి, పై చదువుకి పంపించారు. ఆ చదువు వల్లే ఇప్పుడు పెద్దాసుపత్రిలో నాకు ఉద్యోగం. కొండల మీంచి వచ్చినవాళ్ళ మాట డాక్టర్లకి చెప్పడం, డాక్టర్ల మాట వాళ్ళకి చెప్పడం నా పని. నేను చేసేది బారికి పనేనని నియామకం రోజున ఫోన్ చేసి చెబితే, "తెలుసులేవే," అన్నారు. ఆవిడకి థాంక్స్ చెప్పడం నాకెప్పుడూ చేతకాలేదు. చెప్పబోతే తిట్టేవారు.

ఆఖరికి ఆవిణ్ణి మా ఆసుపత్రికే తెచ్చారు. ఆ మధ్యాహ్నం మంచం చుట్టూ తమ్ముడి కొడుకులు, చర్చివాళ్ళు, పాస్టరుగారు. మాట పైకి వినబడటం లేదు, పెదాలు మాత్రం కదులుతున్నాయి. "ప్రభువా అంటోంది," అన్నాడు పెద్దబ్బాయి. అందరికీ కళ్ళనీళ్ళు తిరిగాయి. ఒకరు కీర్తన అందుకున్నారు, అందరూ కలిశారు. ఆవిడ పెదాలు మళ్ళీ కదిలాయి. కనుబొమలు ముడిపడ్డాయి. ఆ ముడి నాకు తెలుసు. నేను జనాన్ని తోసుకుని వెళ్ళి, చెవి ఆవిడ నోటికి ఆనించాను. "టీచరుగారూ, వినబడలేదు. మళ్ళీ చెప్పండి."

"ఫ్యాను ఆపండే. సలేత్తన్నాది."

నేను నిటారుగా నిలబడి, ఉన్నది ఉన్నట్టు అందరికీ చెప్పాను. పాట ఆగిపోయింది. ఎవరో ఏడుస్తూనే నవ్వారు. ఫ్యాను ఆపి, దుప్పటి మెడదాకా కప్పాను. కనుబొమలు విడిపోయాయి. నా వేలు పట్టుకుని పడుకున్నారు. మర్నాడు వెళ్ళిపోయారు. చలితో వెళ్ళలేదు, అదొక్కటే నాకు తృప్తి.

మా ఓపీలో రోజూ రద్దీయే. కొండ దిగి వచ్చిన ముసలివాళ్ళు నొప్పి ఎక్కడుందో చెప్పబోయి తడబడతారు. వెంట వచ్చినవాళ్ళు, "గ్యాసేనండీ, రాయించెయ్యండి," అంటారు. డాక్టరు వాచీ చూసుకుంటారు. నాకూ ఆకలేస్తూ ఉంటుంది. అయినా కాగితం మీద ఏదీ రాయనివ్వను. "ఉండండి సార్, ఆవిడేమన్నదో నాకు తెలీలేదు," అని, వాళ్ళ పక్కన కూర్చుని మళ్ళీ అడుగుతాను. డాక్టర్లు విసుక్కుంటారు. ఆ మనుషులు మాత్రం ఇంతవరకూ ఒక్కరూ విసుక్కోలేదు. నా ముఖంలోకి ఒకసారి చూసి, కుర్చీలో కొంచెం సర్దుకుని, మొదటి నుంచి చెప్పడం మొదలుపెడతారు.